ఎదురుగా కూర్చున్న అనుమానం

పాత సామాన్లు కొనే అతను మా కంప్యూటర్ డబ్బాను కాటా మీద పెట్టబోతూ ఆగాడు. పక్కరేకు ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. సరుకంతా ముందే పీకేసుకుని ఉత్త డబ్బా అంటగడుతున్నానేమోనని అతని అనుమానం. తరవాత నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"లోపలంత సంతకాలున్నయేంది సార్?"

నేనూ వంగి చూశాను. దుమ్ము కింద, నల్ల మార్కరుతో, నా సంతకమే. హార్డ్ డిస్కు మీద ఒకటి, ర్యాములు రెండింటి మీదా చెరొకటి, పవర్ సప్లై డబ్బా మీద ఒకటి, ఆఖరికి ఫ్యాను మీద కూడా వంకరగా ఒకటి. పాతికేళ్ళుగా చిన్నాచితకా పత్రికల్లో రాస్తూ రచయితనని చెప్పుకు తిరుగుతున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఆటోగ్రాఫ్ అడిగినవాడు ఒకే ఒక్కడు. అదీ అభిమానంతో కాదు, అనుమానంతో.

"మీ డబ్బాల మీరే ఎందుకు చేసిండ్రు సంతకం?" అన్నాడు సామాన్లతను.

సమాధానం పెద్దది. అతనికి వినే ఓపిక లేదు, అవతల తోపుడుబండి ఎండలో ఉంది. అందుకని మీకు చెబుతున్నాను.

ఆ ఒక్కడు ఒక కంప్యూటర్ మెకానిక్. పేరు రాయను. బతికే ఉన్నాడు, నాచారంలోనే ఉన్నాడు. పేరు కనిపిస్తే "సార్ నా పేరెందుకు రాసిండు, దీన్ల సార్‌కు ఫాయిదా ఏంది" అని ముందు నన్నే అనుమానిస్తాడు. ఫాయిదా ఉన్నమాటా నిజమే. చెప్పుకుంటే కొంత బరువు దిగుతుంది.

ఉప్పల్ చౌరస్తా దాటి నాచారం వైపు వెళుతుంటే, ఫ్యాక్టరీ గోడలు మొదలవకముందే ఒక సందు వస్తుంది. ఆ సందు మొదట్లో ఉండేది ఆయన దుకాణం. ఒకపక్క కర్రీ పాయింట్, ఇంకోపక్క బ్లౌజులు కుట్టే ఆవిడ. సాంబారు వాసనా, కాలిన సీసం వాసనా కలిసి వచ్చేవి. నేను నాచారంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను, ఉండేది రామంతాపూర్‌లో. మొదటిసారి ఆ దుకాణానికి వెళ్ళినప్పుడు ఈ డబ్బానే చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో వచ్చాను. బల్ల మీద దించి, "సాయంత్రం వస్తానన్నా" అని వెనక్కి తిరిగాను. ఆయన నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడే. కానీ ఉప్పల్లో మనకి పనిపడ్డ ప్రతివాడూ అన్నే.

ఆయన డబ్బాను ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఎటు వోతున్నరు సార్?"

"కాలేజీకి. క్లాసుంది."

"మరి దీన్నెవరు జూస్తరు?"

"మీరే కదా చూడాల్సింది?"

"నేనిప్పుతుంటే మీరు జూడాలె. లేకుంటే ఇప్ప. కూసోండ్రి."

బల్లకి ఆవల ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. కూర్చున్నాను. అప్పుడు మరలు విప్పాడు. ఒక్కొక్క భాగం బయటికి తీసి, నా ముందు పెట్టి, మార్కరు చేతికిచ్చి "సంతకం పెట్టుండ్రి" అన్నాడు. రిపేరయ్యాక అదే భాగం, అదే సంతకం నాకు చూపించి మళ్ళీ లోపల బిగించాడు. మధ్యలో నేను టీకి లేస్తే స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నేను వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు క్లాసు పోయింది. పిల్లలు సంతోషించారు.

"మీమీద నమ్మకం ఉందన్నా, ఇదంతా ఎందుకు?" అన్నాను వెళ్ళేటప్పుడు.

ఆయనకి కోపమొచ్చింది. "నమ్మకం గాదు సార్ గది. బద్దకం. కూసోని జూసుడు శాతగాక నమ్మకం అంటరు."

ఆ అలవాటు ఎందుకొచ్చిందో చాలా రోజుల తరవాత, మానిటర్ తుడుస్తూ తుడుస్తూ నాలుగు మాటల్లో చెప్పాడు. దుకాణం పెట్టకముందు సిటీలో పెద్ద కంప్యూటర్ బజారులో ఒక షాపులో పనిచేసేవాడట. ఒక కస్టమరు రిపేరు చేయించుకుని, థాంక్యూ చెప్పి, చేయి కలిపి వెళ్ళాడు. ఇంటికి చేరాక ఓనరుకి ఫోన్ చేశాడు, మీవాడు మంచి ర్యాము తీసుకుని పాతది వేశాడని. మర్నాడు ఓనరు ఏమీ అనలేదు. రేపట్నుంచి రావొద్దన్నాడు, అంతే. ఎందుకో నెల తరవాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

"నా మొఖం మీద దొంగ అంటే నేనేమన్న అనేటోన్ని గద సార్" అన్నాడు. తుడిచిన మానిటర్‌నే ఇంకోసారి తుడిచాడు.

అప్పట్నుంచి ఆయన అందరినీ అనుమానించేవాడు, అదీ మొహమ్మీదే. తనని కూడా అలాగే అనుమానించమనేవాడు. ఎవరైనా డబ్బా తెచ్చి "ఏం చేయలేదన్నా, దానంతటదే ఆగిపోయింది" అంటే, "దానంతటదే ఆగేది గుండె ఒక్కటే. ఇది కంప్యూటర్. ఏం జేసిండ్రో చెప్పుండ్రి" అని చేతులు కట్టుకునేవాడు. నా కీబోర్డు పాడైనప్పుడు నేనూ దానంతటదే అన్నాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "చారు" అన్నాడు. ఇంకోసారి వాసన చూసి "మిరియాల చారు" అన్నాడు. ఇంట్లో మా ఆవిడ ముందు కూడా అంతగా తలవంచుకోలేదు.

ఒరిజినల్ అని స్టిక్కరున్న సరుకంటే ఆయనకు మరీ అనుమానం. "నేను మనిషిని అని ఎవలన్న నొసట రాసుకొని తిరుగుతరా సార్?" అనేవాడు.

బ్లౌజులు కుట్టే ఆవిడ ఊరుకునేది కాదు. మిషను తొక్కుతూనే అటునుంచి కేకేసేది. "నీ దుకాణంకొస్తే పోలీస్ టేషన్ల సంతకం పెట్టినట్టుంటదన్నా. జనం భయపడ్తరు."

"నీకు బట్టిచ్చినోళ్ళు మిగిలిన ముక్కేమైందని అడగరా అక్కా?"

"అడుగుతరు. దిండు గలీబు కుట్టుకున్న అని మొఖం మీదనే చెప్త."

"గంతే గద నేను చెప్పేది గూడ."

ఆవిడ పళ్ళ మధ్యనున్న దారం తెంపి నవ్వేది. నేను స్టూలు మీద కూర్చుని ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పేవాణ్ణి. అనుమానం అంటువ్యాధి. కొన్నాళ్ళకి పాలప్యాకెట్టు మూల నొక్కి చూడటం మొదలుపెట్టాను. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే తప్పు రాస్తే వాళ్ళ బెంచీల మధ్య దూరం కొలిచాను. ఆ విద్య నాకు ఆయన పెట్టిన భిక్షే. దాన్ని ఎంత అడ్డగోలుగా వాడానో ముందుముందు చెబుతాను.

లాక్‌డౌన్ రోజుల్లో ఆయన పని మూడింతలైంది. ప్రతి ఇంట్లో మూలపడ్డ కంప్యూటరుకీ ప్రాణం కావలసి వచ్చింది. ఆ తరవాత రెండో ఏడు కాబోలు, మల్కాజిగిరి నుంచి ఒక రైల్వే ఉద్యోగి సన్నటి టాబ్లెట్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను అప్పుడక్కడే ఉన్నాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. అంచు వెంబడి బొటనవేలి గోరు నడిపించాడు.

"దీన్నేడికెళ్ళి ఇప్పాలె?"

"ఏమో అన్నా, మీకే తెలవాలె."

"ఒక్క మర లేదు సార్ దీనికి" అన్నాడు నాతో. గొంతు తగ్గించి, ఎవరో ముఖం కప్పుకుని వచ్చినట్టు. "అంత జిగురే. ఇప్పితే అద్దం పలుగుతది. ఇప్పకుంటే లోపలేమున్నదో తెల్వది. గిసుంటిదాన్ని ఎట్ల నమ్ముతున్నరు జనం?"

నాకు సందు దొరికింది. "మర లేనిదానికి మరమ్మతెలా కుదురుతుందన్నా? దాని పేరే పలక. పలకకపోతే పారేయడమే" అన్నాను.

రైల్వే ఆయన నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు. "మీకు ఆట సార్. నాకు పూట."

ఆ తరవాత వచ్చే ప్రతివాడూ అదే ప్రశ్న వేసేవాడు. పాతది బాగుచేయించాలా, టాబ్లెట్ కొనుక్కోవాలా? ఆయన ఒక్కరికీ జవాబు చెప్పేవాడు కాదు. "నన్నడగకుండ్రి. చాపలమ్మేటామెను పోయి ఇయ్యాల పప్పు తింటె మంచిదా అని అడుగుతరా? ఆమె ఏం చెప్పినా నమ్మొద్దు. నేను గూడ అంతే."

ఎవరూ లేనప్పుడు నాతో అనేవాడు, "నాకు టాబ్లెట్ తోని పంచాయితి లేదు సార్. అగ్గువ తోని పంచాయితి. కొత్తది రిపేరంత అగ్గువకొస్తే ఇగ ఎవలొచ్చి కూసుంటరు నా ముంగట?" నిజంగానే స్టూలు ఖాళీగా ఉండసాగింది. బ్లౌజులావిడ దాని మీద తన గుడ్డల మూట పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు.

ఆ రోజుల్లో ఆయన షట్టరు ఎత్తగలుగుతున్నాడంటే కారణం మా కాలేజీ. అక్కడి ల్యాబులో ఇరవై ఎనిమిది కంప్యూటర్లు, ఆఫీసులో మరో ఎనిమిది. వాటి బాగోగులు చూసే పని నేనే మాట్లాడి ఆయనకి ఇప్పించాను. శనివారం శనివారం వచ్చి, ఎవరో ఒక లెక్చరర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ పనిచేసేవాడు. మా లెక్కల మాస్టారు శనివారాలు సెలవు పెట్టడం అప్పుడే మొదలైంది. "దుకాణం కిరాయి మీ కాలేజి మీదనే ఎల్తున్నది సార్. గది పోతే షట్టర్ దించుడే" అని ఆయనే ఒకసారి చెప్పాడు.

అలాంటప్పుడు మా కరస్పాండెంట్‌గారు నన్ను గదిలోకి పిలిచారు. కాలేజీ ఆయనదే. మా ఇద్దరిదీ తెనాలి వైపే కావటంతో నన్ను కాస్త దగ్గరగా చూసేవారు. బల్ల మీద కొత్త టాబ్లెట్ ఒకటుంది.

"మాస్టారూ, ల్యాబు తీసేసి పిల్లలకి ఇవి ఇద్దామనుకుంటున్నా. ఆఫీసు కంప్యూటర్లు ఎలాగూ ఉంటాయి, అవి మీ మెకానిక్కే చూసుకుంటాడు. ఇది శాంపిలు. ఒకసారి ఆయనకి చూపించి ఏమంటాడో కనుక్కోండి."

తీసుకెళ్ళాను. బ్లౌజులావిడ మూట కింద పెట్టి నాకు స్టూలు ఇచ్చింది. విషయం విని ఆయన చాలాసేపు టాబ్లెట్ వైపు కాక నా వైపు చూశాడు.

"నాకెందుకిస్తున్నరు సార్? ఇది బాగుంటే నా పనిపాయె. బాగలేకుంటే నా పని నిలుస్తది. గిసుంటోన్ని ఎవలన్న సాక్ష్యం అడుగుతరా?"

"నాకు తెలిసినవాళ్ళలో ఇది తెలిసినవాళ్ళు మీరొక్కరే అన్నా."

"తెలుసుడు యేరు, చెప్పుడు యేరు." టాబ్లెట్‌ని తన వైపు లాక్కున్నాడు. "సరే. ఎనిమిది రోజులు నాదగ్గరుంచుండ్రి."

తొమ్మిదో రోజు వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. టాబ్లెట్‌ని ఒక గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచాడు. నా చేతికిచ్చి, తన బల్ల సొరుగులో ఏదో వెతుకుతూ చెప్పాడు.

"మంచిగున్నది సార్. పిల్లల పనికి సరిపోతది. ఛార్జింగ్ పెట్టే బొక్క ఒక్కటి జర నాజూకు. తిప్పితిప్పి పెడ్తే లూజైతది, ముందే చెప్పుండ్రి. ఇగ గంతే. తీసుకొమ్మనుండ్రి."

"చూపించరా? ఏం పరీక్ష చేశారో?"

"చూపెట్టేదేమున్నది సార్. ఇప్పేటట్టు లేదు గద" అన్నాడు. తల సొరుగులోనే ఉంది.

బస్సెక్కాను. బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగింది, నా బుర్ర మాత్రం బయల్దేరింది. ఏ వస్తువూ నా కళ్ళముందు విప్పకుండా మాట చెప్పని మనిషి, ఈ రోజు విప్పకుండా, చూపించకుండా, మొహమైనా చూడకుండా మంచిగుందన్నాడు. తన దుకాణం మీదికి తనే బుల్డోజర్‌ని పిలిచాడు. ఏ మనిషైనా ఉత్తినే అలా చేస్తాడా? టాబ్లెట్ల కంపెనీవాళ్ళు ముందే వచ్చి ఆయన్ని కలిసి ఉండాలి. కాలేజీ పని పోయినా నష్టం లేనంత ఏదో ముట్టి ఉండాలి. అంతా అతికినట్టు సరిపోయింది. అతికినట్టుండే సరుకుని అనుమానించాలని ఆయనే నేర్పాడు. ఆ పాఠం మాత్రం ఆ బస్సులో గుర్తుకు రాలేదు. తెలుగు మాస్టారులో ఒక డిటెక్టివ్ దాక్కుని ఉన్నాడని మురిసిపోవటంలో ఉన్నాను.

"ఏమన్నాడు మాస్టారూ?" అన్నారు కరస్పాండెంట్‌గారు.

"బాగుందన్నాడండీ. తీసుకోమన్నాడు."

అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. వాక్యం ఎక్కడ ఆపాలో పిల్లలకి చెప్పేవాణ్ణి, నాకు నేను చెప్పుకోలేకపోయాను.

"కానీ..." అన్నాను.

"కానీ?"

"ఏమో అండీ. ఆ కంపెనీవాళ్ళు ముందే ఆయన్ని కలిశారేమోనని నాకో చిన్న అనుమానం."

ఆయన కనుబొమలెత్తారు. "అలాగా" అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవటం నాకు అప్పుడు పెద్దమనిషి తరహాలా కనిపించింది.

నెల తిరక్కుండా టాబ్లెట్లు వచ్చాయి. ల్యాబులో కంప్యూటర్లు వెళ్ళిపోయాయి. శనివారం ఆయన రాలేదు. ఆఫీసు కంప్యూటర్లకి ఎవరో కొత్త కుర్రాళ్ళు, మెడలో బిళ్ళలు వేసుకుని వచ్చారు. కరస్పాండెంట్‌గారిని అడిగాను, ఆఫీసువి ఆయనకే ఉంచుతామన్నారు కదా అని.

"మీరే అన్నారు కదా మాస్టారూ, మనిషి అనుమానంగా ఉన్నాడని."

నేను అన్నది "నాకో చిన్న అనుమానం" అని. ఆయన నోట్లో అది మనిషికే అంటుకుంది. సరిదిద్దలేదు. బయటికొచ్చాను. ఆ రోజు నుంచి కాలేజీకి ఆ సందు మీదుగా వెళ్ళటం మానేసి హబ్సిగూడ చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. అడిగినవాళ్ళకి ఆ దారిలో రద్దీ తక్కువని చెప్పాను. ఎక్కువే.

టాబ్లెట్లు ఏడాది బాగానే పనిచేశాయి. పిల్లల పనికి సరిపోయాయి. ఛార్జింగ్ పెట్టే చోట మాత్రం ఒక్కొక్కటే వదులవుతూ వచ్చాయి, పిల్లలు తిప్పితిప్పి పెట్టటం వల్ల. ఎక్కడో విన్నట్టున్న ఆ మాటని నేను వినిపించుకోలేదు.

రెండో విడత టాబ్లెట్లు తెప్పించే ముందు కరస్పాండెంట్‌గారు ఉత్సాహంగా ఉన్నారు. స్టాఫ్‌రూములో మా ఇద్దరికే టీ వచ్చింది. ఏదో మాట మీద మళ్ళీ నా నోటి దురద ఊరుకోలేదు.

"ఈసారైనా ఆ కంపెనీవాళ్ళు మెకానిక్కులకి కమీషన్లవీ ఇవ్వకుండా చూడాలండీ" అన్నాను.

ఆయన టీ పొలమారేంతగా నవ్వారు. "మీరు మరీ అమాయకులు మాస్టారూ. కొనేవాణ్ణి పట్టుకుంటారు గానీ, చూసేవాడికి ఎవడిస్తాడండీ కమీషను? పాపం, ఆ అమ్మేవాడు వాణ్ణి చూడను కూడా చూడలేదు."

నా గ్లాసు నా చేతిలోనే ఉంది. ఇంతకాలం నేను అనుమానించాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. ఆయన కళ్ళద్దాలు ఎందుకు తుడుచుకున్నారో, ఇంకేమీ ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది. ఆఫీసు పని తన మనుషులకి ఇచ్చుకోవటానికి ఆయనకొక మాట కావాలి. ఆ మాట నేనిచ్చాను, అక్షరదోషం లేకుండా.

ఆ సాయంత్రమే సందులోకి వెళ్ళాను. రెండు దుకాణాల మధ్యా ఉండే అట్టగోడ లేదు. ఆయన బల్ల ఉన్నచోట రెండో కుట్టుమిషను ఉంది. బ్లౌజులావిడ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"అన్న ఏడమ్మా?"

"గిన్ని రోజులకు యాదికొచ్చిండా సార్?" అంది మిషను ఆపకుండానే. కాసేపు నన్నలాగే నిలబెట్టింది. తరవాత తనే చెప్పింది. "నాచారంల మందుల కంపెనీల జేరిండు. గాడ మిషన్లకు తగిలిచ్చిన పాత కంప్యూటర్లున్నయంట. గవి మార్చరంట. గవే జూసుకుంటుండు."

మర్నాడు మధ్యాహ్నం ఆ కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాను. గార్డు నా పేరు రాయించి, ఎవరు, ఎందుకు, ఏమవుతారు అని అడిగాడు. "తెలిసినవాణ్ణి" అన్నాను. అతను నమ్మినట్టు లేడు.

ఆయన వచ్చాడు. జుట్టు మీద తెల్లటి వల టోపీ, నీలం చొక్కా, చేతిలో టిఫిన్ సంచి. కొంచెం చిక్కాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టుకి తీసుకెళ్ళి, నేను అడగకముందే రెండు చెప్పాడు.

"ఇరవై ఏండ్ల కిందటి డబ్బాలు సార్ ఈడ. గవి మారిస్తే మిషనే మార్చాలె, మిషన్ మార్చాలంటే కోట్లు. అందుకే నన్నుంచిండ్రు" అన్నాడు. చేత్తో ఫ్యాక్టరీ వైపు చూపించి, "ఈడ గూడ తయారయ్యేది టాబ్లెట్లే. ఏడికివోయిన ఇడుస్తలేవు" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట ముందు నేననేది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

చెప్పేశాను. బస్సులో ఏమనుకున్నానో, గదిలో ఏమన్నానో, స్టాఫ్‌రూములో ఏం విన్నానో, వరసగా. ఆయన టీ ఊదుకుంటూ విన్నాడు.

"తెలుసు సార్" అన్నాడు.

"ఎప్పుడు?"

"గా రోజే. ఆఫీసు పని గూడ ఎందుకు బంద్ చేసిండ్రని అడగవోయిన. 'మీ తెలుగు సారే అన్నడు' అని మీ పెద్దసారు చెప్పిండు."

"మరి ఏడాది నుంచి నాకొక ఫోనైనా..."

"మీరొస్తరని జూసిన."

రోడ్డు మీద డ్రమ్ములు వేసుకుని ఒక లారీ వెళ్ళింది.

"అనుమానపడ్డరని బాధ లేదు సార్" అన్నాడు. "గా దినం నేను మీ మొఖం జూడలే. చూస్తే ఏడుపొస్తదని భయమైంది. ఎనిమిది రోజులు దాన్ల తప్పు దేవులాడిన సార్. ఒక్కటన్న పెద్దది దొరకొద్దా? దొరకలే. గట్ల మొఖం తిప్పుకుంటే ఎవలకైన అనుమానమొస్తది. రావాలె గూడ. గని నేను గాడనే ఉంటి గద. మీకు నాకు నడుమ ఒక్క బల్లనే గద ఉండె. ఒక్క మాట నన్నడిగితే ఏంబోయె?"

"తప్పయిపోయిందన్నా. నన్ను క్షమించండి."

"మాఫీ గాదు సార్." గ్లాసు పక్కన పెట్టాడు. "గా రోజు అడగంది ఇప్పుడడుగుండ్రి."

"ఇప్పుడు నాకు నిజం తెలుసు కదన్నా. ఇంకెందుకు?"

"మీకు తెలిసింది సార్. నేను చెప్పుకోలే. ఎవలన్న అడిగితెనే గద నేను లేదనేది? ఏడాది సంది ఒక్కలు గూడ అడగలే."

నేను ముప్పై ఏళ్ళుగా మాటలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఆ నాలుగు మాటలకి నోరు పెగలటానికి చాలాసేపు పట్టింది. టీకొట్టతను మా వైపు చూస్తున్నాడు. ఆయన ఓపిగ్గా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ టాబ్లెట్ల వాళ్ళ దగ్గర మీరేమైనా తీసుకున్నారా?"

"లేదు సార్" అన్నాడు. "ఏం తీసుకోలే."

ఫ్యాక్టరీ లోపల సైరన్ మోగింది. లేచి, టోపీ సరిచేసుకుని, పోయొస్త సార్ అని రోడ్డు దాటాడు. గేటు దగ్గర గార్డు ఆయన్ని ఆపి జేబులు తడిమాడు. టిఫిన్ సంచి విప్పి లోపల చూశాడు. ఆయన చేతులు రెండూ పక్కలకి బారచాపి, తొందరేమీ లేనట్టు నిలబడ్డాడు.